చేతిలో ఉన్న అక్షరాలతో ఇంగ్లీషు మాట పట్టుకోవడం ఎలా?

ఒక వేసవి సెలవుల్లో మా మేనకోడలితో స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలు బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట) ఆడుతూ, క్యూ బిళ్ళను ఆట మొదటినుంచి చివరిదాకా పట్టుకు కూర్చున్నాను. యు వస్తే పెడదామని నా ఆశ. పెట్టెలో ఉండేవే నాలుగు యు బిళ్ళలు. మూడు అప్పటికే బోర్డు మీద పడిపోయాయి, నాలుగోది ఆ పిల్ల దగ్గరే ఉంది. తను బిళ్ళలన్నీ ముందుగా అయిపోగొట్టేసింది. నా చేతిలో మిగిలిన క్యూకి పది పాయింట్లు నా లెక్కలోంచి పోయాయి, అదే పది తన లెక్కలో కలిసింది.

“మావయ్యా, ఇదిగో ఈ ఐ ముందు పెట్టేస్తే పోయేదిగా” అంది బోర్డు మీద వేలు పెట్టి. “క్యూ, ఐ. రెండక్షరాలే.”

“అదేం మాటే?”

“చైనావాళ్ళు ప్రాణశక్తిని అలా అంటారట. చీ అని పలకాలి.”

ఛీ అని నేనూ అన్నాను, నన్ను నేనే.

ఆ రోజు నాకు తెలియనిది ఆ ఒక్క మాటే కాదు, అసలు వెతికే తీరే తెలీదు. తెలుగులో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం మాటను చెవితో పట్టుకుంటాం. ‘క’ అంటే అందులో ‘అ’ కూడా కలిసే ఉంటుంది. గుణింతం, ఒత్తు అన్నీ కలిపి మనకు ఒకే అక్షరం. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే, ఇంగ్లీషు బిళ్ళల్లో పేరిస్తే కనీసం నాలుగు ముక్కలు. అందుకే బిళ్ళలను అటూ ఇటూ జరుపుతున్నామనుకుంటాం గానీ, మనసులో తిరిగేది ధ్వనులే. నైఫ్ అనే మాటలో ముందున్న కె వినపడదు కాబట్టి, కె చేతిలో ఉన్నా ఆ మాట తట్టదు. ఈ అలవాటును కాసేపు పక్కన పెట్టడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ఇంగ్లీషు అక్షరాలను నేనిక్కడ వాటి పేర్లతోనే రాస్తున్నాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని, అవి వచ్చినచోటల్లా ఇంగ్లీషులో రాసుకుంటూ చదవండి. కాస్త విసుగే, కానీ మాటను ముక్కముక్కగా చూడటం చేతికి అలవాటయ్యేది అలాగే.

మొదటి పని: మీ ప్రశ్న ఏ రకమో తేల్చుకోండి

‘ఈ అక్షరాలున్న మాట కావాలి’ అనే కోరికలో మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి. చేతిలో ఉన్న అక్షరాలతోనే మాట కట్టాలి, బయటివి రాకూడదు: ఇది స్క్రాబుల్, పత్రికల్లో వచ్చే తారుమారు అక్షరాల ఆట. కొన్ని అక్షరాలు ఉండి తీరాలి, మిగతావి ఏవైనా సరే, అయితే కొన్ని అసలు ఉండకూడదు: ఇది వర్డిల్, దాచిపెట్టిన ఐదక్షరాల మాటను ఊహించే ఆట. ఏ గడిలో ఏ అక్షరమో కొంత తెలుసు, మిగతాది నింపాలి: ఇది గళ్ళ నుడికట్టు. న్యూయార్క్ టైమ్స్ స్పెల్లింగ్ బీ లాంటివి మొదటి రెండింటికీ నడుమ ఉంటాయి. అక్కడ ఏడక్షరాలిస్తారు, నడిమి అక్షరం తప్పనిసరి, ఒక్కో అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, మాట నాలుగక్షరాలకు తగ్గకూడదు. ఏ రకమో తెలియకుండా వెతికితే, రెండు టి లు లేని చేతితో రెండు టి లున్న మాట కట్టేసి సంబరపడతాం.

రెండో పని: బిళ్ళలు విడదీసి, తోకలు కట్టండి

ఏడు వేర్వేరు అక్షరాలను 5,040 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ తిప్పి చూడటం అయ్యే పని కాదు. స్క్రాబుల్లో మన దగ్గరుండే ఏడు బిళ్ళలనే నేను ‘చేయి’ అంటున్నాను. అలాంటి ఒక్క చేతిని తీసుకుని నెమ్మదిగా చూద్దాం. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి వచ్చాయనుకోండి.

అచ్చులు పై వరుసలో పెట్టండి: ఏ, ఈ, ఐ. హల్లులు కింద: ఎన్, ఆర్, ఎస్, టి. ఇప్పుడు ఎస్ తీసి కుడివైపు చివర, మిగతావాటికి కాస్త దూరంగా పెట్టండి. బహువచనానికో, క్రియకో అది తోక. మిగిలిన ఆరింటితో మాట వస్తుందా? ఆర్-ఈ-టి-ఏ-ఐ-ఎన్, రిటెయిన్. తోక తగిలిస్తే ఏడూ అయిపోయాయి. అవే ఆరు మళ్ళీ కదపండి: ఆర్-ఈ-టి-ఐ-ఎన్-ఏ, కంట్లో ఉండే రెటీనా. దానికీ ఎస్ తగులుతుంది.

ఇప్పుడు ఎస్ ను వెనక్కి తెచ్చేసి, తోక మార్చండి. ఈ-ఆర్ కుడివైపుకు జరపండి. ‘చేసేవాడు’, ‘ఇంకా ఎక్కువ’ అనే అర్థాలిచ్చే తోక అది. మిగిలింది ఏ, ఐ, ఎన్, ఎస్, టి. మరక కనిపిస్తుంది: ఎస్-టి-ఏ-ఐ-ఎన్. తోక కలిపితే స్టెయినర్. తోకను ఇంకొక్క అక్షరం పొడిగించి ఐ-ఈ-ఆర్ చేయండి. మిగిలింది నాలుగే: ఏ, ఎన్, ఎస్, టి. ఎన్-ఏ-ఎస్-టి అని ముందు పెడితే నాస్టియర్. ఏ-ఎన్-టి-ఎస్ అని పెడితే ఆంట్సియర్, అంటే చీమలు పాకుతున్నట్టు కుదురులేనితనం ఎక్కువైనవాడు. ఒకే చేతిలో ఐదు మాటలు దొరికాయి. ఏడూ ఒకేసారి పెట్టేస్తే 50 పాయింట్లు అదనం.

గమనించారా, ఏడక్షరాల మాట కోసం మనం ఎక్కడా వెతకలేదు. తోక తీసేసి, నాలుగో ఐదో ఆరో అక్షరాల చిన్న మాట కోసమే వెతికాం. పనికొచ్చే తోకలు ఎక్కువ లేవు: ఎస్, ఈ-డి, ఈ-ఆర్, ఐ-ఎన్-జి, ఎల్-వై, ఐ-ఈ-ఆర్, ఈ-ఎస్-టి, ఏ-బి-ఎల్-ఈ. తలకాయలు ఇంకా తక్కువ: ఆర్-ఈ, యు-ఎన్, ఐ-ఎన్, డి-ఈ, ఓ-యు-టి. ఇవి చేతిలో ఉన్నాయా అని ముందు చూడండి, ఆ తర్వాతే మిగతా ఆలోచన.

పోటీల్లో ఆడేవాళ్ళు ఇంకో పని చేస్తారు. బిళ్ళలు అందగానే అక్షరమాల వరుసలో సర్దుకుంటారు. రిటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్ మూడూ అలా సర్దితే ఒకే వరుస వస్తుంది. ఆ వరుసను గుర్తుపెట్టుకుంటే దాని కింద వచ్చే మాటలన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. దీన్ని ఆల్ఫాగ్రామ్ అంటారు. రోజూ ఆడనివాళ్ళకు ఇంత అవసరం లేదుగానీ, అర్థంతో నిమిత్తం లేకుండా మాటను పట్టుకోవచ్చని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది. న్యూజీలాండ్ కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు, ఆటలో చెల్లే మాటల జాబితా కంఠస్థం చేసి వెళ్ళాడు. 2024లో స్పానిష్ పోటీ కూడా అలాగే గెలిచాడు. మన ఇంగ్లీషు అంతంత మాత్రమే అని వెనక్కి తగ్గేవాళ్ళకు ఈయన సంగతి చెబుతుంటాను.

మూడో పని: ఏ అక్షరం ఎవరితో తిరుగుతుందో చూడండి

ఇక్కడ మన ఒత్తుల అలవాటు కలిసొస్తుంది. ఇంగ్లీషు హల్లులు కూడా జతలు కడతాయి. హెచ్ ఒంటరిగా కనిపిస్తే సి, ఎస్, టి, పి, డబ్ల్యూ పక్కన పెట్టి చూడండి. కె కనిపిస్తే ముందు సి ఉందేమో చూడండి. ఎన్ ఉంటే వెనక జి ఉందా? వినపడని జతలు కొన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాల్సిందే: కె-ఎన్, జి-ఎన్, డబ్ల్యూ-ఆర్, పి-ఎస్, ఎం-బి. మన చెవి వీటిని ఎప్పటికీ అందించదు.

హెచ్ కు ఇవేవీ దొరక్క బి, డి, జి, కె లే ఉన్నాయా? కంగారు పడకండి, మన మహాప్రాణాలున్నాయి. డి-హెచ్-ఓ-టి-ఐ, ధోతి. డి-హెచ్-ఓ-బి-ఐ, చాకలి. జి-హెచ్-ఈ-ఈ, నెయ్యి. జి-హెచ్-ఏ-టి, రేవు మెట్లు. ఎల్-ఏ-కె-హెచ్, లక్ష. కె-హెచ్-ఏ-డి-ఐ, ఖద్దరు. ఇవన్నీ ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎప్పుడో ఎక్కాయి, స్క్రాబుల్లో చెల్లుతాయి. స్క్రాబుల్లో ఏ మాటలు చెల్లుతాయో చెప్పే కాలిన్స్ జాబితాలో ఇడ్లీ కూడా ఉంది, ఐ-డి-ఎల్-ఐ. దోసె డి-ఓ-ఎస్-ఏ రూపంలో ఉంది. ఇక బాండికూట్ అనే తొమ్మిదక్షరాల మాట అచ్చంగా మన పందికొక్కే. ఆట మధ్యలో అది పెట్టే అవకాశం జీవితంలో ఒక్కసారి వస్తుందేమో, నాకింకా రాలేదు.

జె సంగతి వింతగా ఉంటుంది. ఇంగ్లీషు మాట జె తో ముగియడం చాలా అరుదు. ముగిసేవి చూడండి: ఆర్-ఏ-జె, టి-ఏ-జె, హెచ్-ఏ-జె, ఎస్-డబ్ల్యూ-ఏ-ఆర్-ఏ-జె. రాజ్యం, కిరీటం, హజ్, స్వరాజ్యం. అన్నీ మనవైపు మాటలే.

యు లేని క్యూ కూడా అలాంటిదే. క్యూ-ఐ కాక, క్యూ-ఏ-టి ఉంది, యెమెన్ వైపు నమిలే ఆకు. ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, ఫకీరు. టి-ఏ-ఎల్-ఏ-క్యూ, తలాక్. కాలిన్స్ లో ఖవ్వాలీ కూడా క్యూ తోనే మొదలవుతుంది. ఎక్కువగా అరబ్బీ, చైనా మాటలు. అన్నిటికన్నా పనికొచ్చేది క్యూ-ఐ నే. అక్షరానికి మూడింతలిచ్చే గడిలో క్యూ పడి, అడ్డంగానూ నిలువుగానూ రెండువైపులా క్యూ-ఐ అయిందంటే ఒక్కోదానికి క్యూకి 30, ఐ కి 1, మొత్తం 31, 31 కలిపి 62. ఆ వేసవిలో నేను పోగొట్టుకున్నది పది మాత్రమే కాదన్నమాట.

వి తో రెండక్షరాల మాట ఒక్కటి కూడా లేదు. ఆట చివరికొచ్చేసరికి వి చేతిలో ఉంటే ఇరుక్కుపోతారు, కాబట్టి దాన్ని ముందే వదిలించుకోండి. ఎక్స్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఏ, ఈ, ఓ ల వెనక, ఐ, యు ల ముందు, ఏ అచ్చుతోనైనా రెండక్షరాల మాటైపోతుంది. జెడ్ కు జెడ్-ఏ ఉంది, పిజ్జాకు ముద్దుపేరు. రెండక్షరాల మాటలు 2019 నాటి కాలిన్స్ జాబితాలో 127. మొత్తం స్క్రాబుల్లో బట్టీ పట్టాల్సినవి ఇవి మాత్రమే అని నా అభిప్రాయం. రోజుకు పది చొప్పున అయితే రెండు వారాల పని.

అచ్చులే రాకపోతే వై కోసం చూడండి. ఎం-వై-టి-హెచ్, హెచ్-వై-ఎం-ఎన్, ఎల్-వై-ఎన్-ఎక్స్, ఆర్-హెచ్-వై-టి-హెచ్-ఎం. వై కూడా లేదా, ఊరుకో అన్నట్టు ఎస్-హెచ్-హెచ్, ఆలోచిస్తున్నట్టు హెచ్-ఎం-ఎం ఉన్నాయి, రెండూ చెల్లుతాయి. అన్నీ అచ్చులే వచ్చాయా, ఈ-ఏ-యు, ఏ-డి-ఐ-ఈ-యు, ఈ-ఈ-ఆర్-ఐ-ఈ. అదీ కాకపోతే ఒక వంతు వదులుకుని బిళ్ళలు మార్చుకోవడమే, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎస్ ను మాత్రం తొందరపడి పారేయకండి. ఈ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి బిళ్ళలు పంచాడు. ఈ కి పన్నెండు ఇచ్చాడు. ఎస్ కు నాలుగే ఇచ్చాడు, ప్రతి మాటకూ బహువచనం తగిలించేస్తే ఆట మరీ తేలికైపోతుందని.

వర్డిల్ కు వెతికే తీరు వేరు

ఇక్కడ బిళ్ళలుండవు, ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. మొదటి మాటగా సి-ఆర్-ఏ-ఎన్-ఈ కొట్టారనుకుందాం. నడిమి ఏ ఆకుపచ్చగా వచ్చింది, ఆర్ పసుపు, మిగతా మూడూ బూడిదరంగు. అంటే మూడో గడిలో ఏ ఖాయం. ఆర్ ఉంది గానీ రెండో గడిలో కాదు. సి, ఎన్, ఈ లేవు.

చాలామంది వెంటనే తట్టిన మాట కొట్టేస్తారు. ఆగండి. ఆర్ ఎక్కడెక్కడ ఉండొచ్చో ఒక్కో గడే చూడండి. మొదటి గడిలో అయితే ఆర్-ఓ-ఏ-ఎస్-టి. చివరి గడిలో అయితే ఎస్-టి-ఏ-ఐ-ఆర్, ఎఫ్-ఎల్-ఏ-ఐ-ఆర్. నాలుగో గడిలో అయితే వస్తుంది అసలు వరద: షార్క్, షార్ప్, స్మార్ట్, స్టార్ట్, స్పార్క్, స్వార్మ్, గార్డ్, బోర్డ్, అవార్డ్, క్వార్ట్, డయరీ. ఏ-ఆర్ నడుమన పడితే ఇంగ్లీషులో ఇంతే. ఒక్కోటీ కొట్టుకుంటూ పోతే ఆరూ అయిపోతాయి, మాట దొరకదు.

ఇలాంటప్పుడు జవాబు కాదని తెలిసిన మాట కొట్టాలి. ఈ వరద మాటల్లోని మిగతా అక్షరాల్లో ఐదు తీసుకోండి: హెచ్, పి, ఎం, టి, యు. ఐదూ ఉన్న మాట ఒకటుంది: టి-హెచ్-యు-ఎం-పి, థంప్. అది కొట్టాక హెచ్, పి రెండూ పచ్చబడితే షార్ప్. హెచ్ ఒక్కటే పచ్చబడితే షార్క్, డబ్ల్యూ-హెచ్-ఏ-ఆర్-ఎఫ్ లాంటివి. టి, ఎం రెండూ పసుపైతే స్మార్ట్. ఒక్క ప్రయత్నం ఖర్చుపెట్టి నాలుగు మిగుల్చుకున్నట్టు. హార్డ్ మోడ్ పెట్టుకున్నవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు, తెలిసిన అక్షరాలు ప్రతి మాటలోనూ వాడాల్సిందే.

రెండు జాగ్రత్తలు. స్టార్ట్ లో టి రెండుసార్లు ఉంది చూశారా? ఒక టి కి రంగు వచ్చినంత మాత్రాన రెండోది లేదని కాదు. ఇక రెండో జాగ్రత్త: బడిలో మనకు నేర్పింది బ్రిటిష్ స్పెల్లింగు, వర్డిల్ నడిచేది అమెరికా స్పెల్లింగుతో. 2022 ఫిబ్రవరిలో ఒకరోజు జవాబు హెచ్-యు-ఎం-ఓ-ఆర్. మనం రాసే హ్యూమర్ లో ఆరక్షరాలు, ఐదు గడుల్లో ఎక్కడ పడుతుంది? ఇంకా చెప్పాలంటే, ఉత్త ఎస్ చేర్చి బహువచనం చేసిన మాటలు జవాబుగా వస్తాయని ఆశ పెట్టుకోకండి. ప్రయత్నానికి మాత్రం ఒప్పుకుంటుంది.

యంత్రంతో వెతకాలంటే

గళ్ళ నుడికట్టుకైతే వన్‌లుక్ లాంటి వెతుకుడు నిఘంటువు చాలు. తెలియని ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలో తెలియనిచోట చుక్క గుర్తు * పెట్టాలి. ‘రెండు ప్రశ్నార్థకాలు, ఏ, ఆర్, మళ్ళీ ఒక ప్రశ్నార్థకం’ అని కొడితే పైన నేను చెప్పిన వరదంతా వచ్చి పడుతుంది. ముందొక *, వెనకొక * పెట్టి మధ్యలో అక్షరాలు రాస్తే, ఆ అక్షరాలు అదే వరుసలో పక్కపక్కన ఉన్న మాటలన్నీ వస్తాయి. పక్కపక్కన ఉండనక్కర్లేదు అంటే ఆ పద్ధతి పనికిరాదు, మాటలు వెతికిపెట్టే సైట్లలో ‘ఇవి ఉండాలి’, ‘ఇవి ఉండకూడదు’ అని విడివిడిగా ఉండే గడులు నింపాలి. అక్కడ నిఘంటువు ఏదో కూడా ఎంచుకోండి. అమెరికా, కెనడాల జాబితా వేరు, మిగతా దేశాల్లో ఎక్కువగా వాడే కాలిన్స్ వేరు. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేక ఇంట్లో తగాదాలు వస్తాయి. ఆట మొదలవకముందే ఏ జాబితాయో ఒప్పుకోవడం మంచిది, మా ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి.

నాకు ఎక్సెల్ తో చేసుకోవడం ఇష్టం. ఉచితంగా దొరికే మాటల జాబితా ఒకటి దించుకుని, మొదటి నిలువు వరుసలో పోయండి. ఫిల్టర్ పెట్టి, టెక్స్ట్ ఫిల్టర్స్ లో కస్టమ్ ఫిల్టర్ తెరవండి. అక్కడ రెండు షరతులు పెట్టుకోవచ్చు. మొదటిదానిలో ‘కంటెయిన్స్’ ఎంచుకుని క్యూ, రెండోదానిలో ‘డజ్ నాట్ కంటెయిన్’ ఎంచుకుని యు, నడుమ ‘అండ్’. యు లేని క్యూ మాటలన్నీ వరసగా కనిపిస్తాయి. అక్షరాల సంఖ్య ఖచ్చితంగా కావాలంటే ‘ఈక్వల్స్’ ఎంచుకుని ప్రశ్నార్థకాలు వాడండి.

అవతల మనిషి కూర్చుని ఉండగా ఫోన్లో వెతకడం మాత్రం దొంగాటే. ఆట అయ్యాక వెతకండి. నేను ఓడిన ప్రతిసారీ నా చివరి ఏడు బిళ్ళలు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, వాటితో ఏం కట్టి ఉండవచ్చో రాత్రి చూసుకుంటాను. తేదీ, అక్షరాలు, తప్పిపోయిన మాట, ఆ మూడే. మొదటి పేజీలో మొదటి వరుసలో క్యూ-ఐ ఉంటుంది.

ఆ పుస్తకంలోంచే మీకొక చేయి ఇస్తాను: ఏ, ఈ, జి, ఐ, ఎన్, ఆర్, టి. ఏడూ వాడే మాటల్లో నాలుగు పట్టుకోండి. ఒకటి రాయి, ఒకటి చేసిన మేలు మరిచేవాడు, ఒకటి చింపడం. నాలుగోది ఈ ఇంటి పులుసు కన్నా ఆ ఇంటి పులుసు మరికాస్త పుల్లగా ఉందనడానికి పనికొస్తుంది. తోకలతో మొదలుపెట్టండి.